నాకు పట్టని కోట్లు

మాఘమాసం ముహూర్తాల హడావుడిలో మా ఆవిడ బీరువా తెరిచి ఒకే ఒక్క మాట అడిగింది. "ఏమండీ, మీ కోట్లకి నిలువు బీరువా అంతా కావాలి, నా చీరలకి మాత్రం రెండు అరలా?"

బయటివాళ్ళు వింటే వీడికి కోట్లున్నాయి కాబోలు అనుకుంటారు. ఉన్నవి భుజాన తగిలించుకునే కోట్లు. అవి కూడా ఇప్పుడు నాకు పట్టవు. వాటిని వదిలించుకోబోయి చివరికి ఒక ఆల్టరేషన్ మాస్టరు దగ్గర తేలిన కథే ఈ రివ్యూ.

పదకొండేళ్ళు మందుల కంపెనీలో ఎగుమతుల విభాగంలో చేశాను. ఏటా యూరప్‌లో సీపీహెచ్‌ఐ అని మందుల వ్యాపారుల పెద్ద జాతర జరుగుతుంది. ఆ వారం శంషాబాద్‌లో ఫ్లైట్ ఎక్కితే ఎటు చూసినా తెలిసిన మొహాలే. స్టాల్లో మూడు రోజులు నిలబడాలంటే సూటు తప్పదు. 2018లో వేరే పనిమీద మిలాన్ వెళ్ళినప్పుడు, అక్కణ్ణుంచి బస్సులో సెర్రవల్లె అవుట్‌లెట్‌కి పోయి, 690 యూరోలు పోసి ముదురు నీలం జెన్యా (ఇటలీ బ్రాండు) సూటు కొన్నాను. మరుసటి ఏడాది జాతర ఫ్రాంక్‌ఫర్ట్‌లో. అక్కడ త్సైల్ వీధిలో బూడిదరంగు సూటు ఇంకోటి, 320 యూరోలు. దాని బ్రాండు పేరు చెప్పను, ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది. ఇంట్లో మాత్రం రెండూ కలిపి ముప్పై వేలని చెప్పాను. మా ఆవిడ ఇలాంటి రివ్యూలు చదవదన్న ధైర్యంతోనే అసలు ధరలు రాస్తున్నాను.

ఇవి కాక, బావమరిది పెళ్ళికి బంజారాహిల్స్‌లో లక్షా పదివేలు పెట్టి కొన్న ఐవరీ రంగు డిజైనర్ షేర్వానీ. కాలరు మీదా, గుండీల పట్టీ పొడవునా జర్దోజీ పని. హైదరాబాదు ఎండకి ఎవరూ కొనకూడని నల్ల వెల్వెట్ జాకెట్ ఒకటి. కఫ్ మీద నా పొడి అక్షరాలు కుట్టించుకున్న ఆరు చొక్కాలు. ఒక జత డ్రైవింగ్ షూస్. పద్నాలుగు టైలు. రిసెప్షన్‌కి మా మామగారు పెట్టిన సూటు కూడా ఉంది గానీ దాన్ని లెక్కలోకి తేవడం లేదు. దాని జోలికి వెళ్ళే ధైర్యం నాకు లేదు.

అప్పట్లో నేను 76 కిలోలు. ఇప్పుడు 89. ఉద్యోగం కూడా మారింది. వీడియో మీటింగుల్లో పైన చొక్కా, కింద లుంగీ.

చీర సంగతి వేరు. పట్టుచీర పాతబడితే పిల్లకి పరికిణీ అవుతుంది, మిగిలిన ముక్క దిండు గలీబు అవుతుంది. అసలు వెండిజరీ ఉన్న పాతకాలం చీరైతే "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో అరిచే మనిషి ఆ జరీ కోసమే డబ్బులిచ్చి పట్టుకెళ్తాడు. నేతచీర చిరిగితే బొంతలోకి పోతుంది. మగాడి కోటుకి ఈ జన్మలేవీ లేవు. ఒక మనిషి ఒంటికి అచ్చుపోసినట్టు కుట్టిన పెట్టె అది. ఆ మనిషి లావయ్యాడా, పెట్టె ఖాళీ. ఈ ఏడాది ఆ పెట్టెలు మోసుకుని నాలుగైదు చోట్లకి తిరిగాను. నేను వివరంగా చెప్పాలనుకున్నది సికింద్రాబాద్‌లోని ఒక ఆల్టరేషన్ మాస్టరు గురించే. కానీ అక్కడికి చేరేముందు ఎక్కడెక్కడ ఏమైందో చెప్పకపోతే ఆయన విలువ తెలియదు.

ముందు అందరిలాగే ఫోన్‌లో వెతికాను. పాత బ్రాండెడ్ సరుకు అమ్మిపెట్టే ఆన్‌లైన్ సర్వీసు ఒకటి తగిలింది. ఇంటికొచ్చి తీసుకెళ్తారు, ఫొటోలు వాళ్ళే తీస్తారు, అసలుదో నకిలీదో వాళ్ళే తేలుస్తారు, అమ్ముడయ్యాక మూడో వంతు పట్టుకుని మిగతాది మన ఖాతాలో వేస్తారు. వినడానికి బాగానే ఉంది. షేర్వానీ ఉందంటే మగవాళ్ళ పెళ్ళిబట్టలు తీసుకోమన్నారు. చొక్కాల ఫొటోలు పంపితే కఫ్ మీద అక్షరాలు చూసి వద్దన్నారు. నా పొడి అక్షరాలే ఉండి, నా మెడ కొలతే ఉన్న ఇంకో మనిషి ఈ దేశంలో ఎక్కడో ఉండే ఉంటాడు. వాణ్ణి వెతికిపెట్టే పని వాళ్ళది కాదు కదా. "సార్, మేడమ్ గారివి హ్యాండ్‌బ్యాగులు ఏమైనా ఉన్నాయా? రేపే మనిషిని పంపిస్తాం" అంది ఫోన్‌లో అమ్మాయి. నిజమే, బ్యాగుకి నడుం కొలత ఉండదు. ఎవరి భుజానికైనా సరిపోతుంది.

చివరికి రెండు సూట్లు తీసుకున్నారు. బిల్లులు అడిగారు. సెర్రవల్లె బిల్లు నేను పాస్‌పోర్టుతో పాటు ఫైల్లో భద్రంగా దాచుకున్నాను. తీరా తీసి చూస్తే తెల్లకాగితం. థర్మల్ ప్రింటు కదా, అక్షరాలు ఎప్పుడో ఆవిరైపోయాయి. (మీ దగ్గర ఇలాంటి బిల్లులుంటే ఈ రోజే ఫొటో తీసి పెట్టుకోండి.) జెన్యాకి 21 వేలు పెట్టారు. నెలకి 14 వేలైంది. ఇంకో నెలకి తొమ్మిదిన్నర. మధ్యలో "భుజం ఎంత?", "ఆఖరి రేటు?" అని మెసేజ్‌లు. భుజం కొలత చెప్పాక మళ్ళీ మాట్లాడినవాడు లేడు. మూడు నెలలయ్యాక రెండూ తిరిగొచ్చాయి, వెనక్కి పంపినందుకు ఆరొందలు చార్జీతో సహా. ఇనప తీగ హ్యాంగరుకి తగిలించి పెట్టారేమో, భుజాల మీద రెండు కొమ్ములు లేచాయి. జెన్యా చేతి గుండీ ఒకటి మాయం. నా మార్కులు సున్నా. అమ్ముడుపోనందుకు కాదు, ఆ కొమ్ములకి.

పెళ్ళిబట్టలు అద్దెకిచ్చే షాపుకి కూడా వెళ్ళాను. అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు: ఒకే డిజైన్‌లో నాలుగు సైజులుంటేనే వాళ్ళకి గిట్టుబాటట. ఒక్క పీసు పెట్టుకుంటే ఆ కొలత పెళ్ళికొడుకు వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. న్యాయమే. మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

మే నెలలో ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర కేక వినిపించింది. "పాత బట్టలకు స్టీలు సామాన్లూ..." నెత్తి మీద బేసిన్ల దొంతర, చంకలో మూట. మా ఆవిడ పిలిచింది. నేను సరదాకి సూట్లతో సహా అన్నీ వసారాలో పరిచాను. ఆన్‌లైన్ వాళ్ళు పదిహేను ఫొటోలతో తేల్చలేనిది ఆ స్టీలు సామాన్లామె పది నిమిషాల్లో తేల్చేసింది. చొక్కా అందుకోగానే కాలరు వెనక్కి తిప్పి మెడ దగ్గర రాపిడి చూసింది. చంకల దగ్గర గుడ్డని వెలుగుకి ఎత్తి పట్టింది. జీన్స్ అయితే మోకాళ్ళ దగ్గర బొటనవేలితో నొక్కింది. బ్రాండు పట్టీల వంక కన్నెత్తి చూడలేదు. కఫ్ మీద అక్షరాలు చూసి నవ్వింది: "పేరు రాసుకున్నవా సారూ, స్కూలు పిల్లలెక్క? చెయ్యి మడిస్తే కనిపియ్యది తియ్యి."

కోట్లు మాత్రం ముట్టలేదు. "ఇవి జుమ్మేరాత్ బజార్ల (పాత సామాన్ల గురువారం సంతలో) గూడ పోవు. ఎవలు తొడుగుతరు ఈ ఎండల? ప్యాంటైతే తీస్కపోత." ప్యాంటు లేని కోటు ఉత్త కోటే, కోటు లేని ప్యాంటు ఎక్కడైనా ప్యాంటే. ఆరు చొక్కాలకీ, మూడు జీన్స్‌కీ పదహారు అంగుళాల స్టీలు బేసిను ఇస్తానంది. మా ఆవిడ బేరమాడి మూతగిన్నె ఒకటి కలుపుకుంది. ఆ చొక్కా ఒక్కోటి నాలుగు వేలు. బేసిను ఇప్పుడు వంటింట్లో ఉంది, దోసెలపిండి దాంట్లోనే పులుస్తోంది. ఈ మొత్తం వ్యవహారంలో మా ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఈ ఒక్క లావాదేవీకే.

స్వెట్టర్లు, కుర్తాలు, బాగా ఉన్న మామూలు ప్యాంట్లు ఉతికి ఇస్త్రీ చేయించి గూంజ్‌కి ఇచ్చాం. 1999లో ఢిల్లీలో అంశు గుప్తా మొదలుపెట్టిన సంస్థ. ఆయనకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. ఊరివాళ్ళు బావి తవ్వుకోవడం, రోడ్డు బాగుచేసుకోవడం లాంటి పనులు చేసుకుంటే దానికి ప్రతిఫలంగా బట్టలిచ్చే పద్ధతి వాళ్ళది. ఊరికే పడేసినట్టు ఉండదు, అందుకే నాకు నచ్చింది. అయితే నేను వాళ్ళకి సూట్లు ఇవ్వలేదు. చెరువు గట్టు మీద పనిచేసిన మనిషి చేతిలో వెల్వెట్ జాకెట్ పెట్టడం నాకు బాగుండదనిపించింది.

జూన్ మధ్యలో పాత ఆఫీసు సహోద్యోగి ఒకాయన మాస్టరు సంగతి చెప్పాడు. కారులో మాత్రం వెళ్ళకండి. ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటో ఎక్కండి, జనరల్ బజార్ మొదట్లో దిగి నడవండి. చీరల దుకాణాల మధ్య ఇరుకు మెట్లెక్కితే మంచం పట్టేంత గది. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా తీగ మీద వేలాడుతున్న ఎవరెవరివో కోట్లు. ట్రయల్ రూమంటే మూలన కట్టిన పరదా. మాస్టరుకి అరవై దాటి ఉంటాయి. కొత్తవి కుట్టడం మానేసి పదేళ్ళైందట, ఇప్పుడు ఆల్టరేషన్, రఫూ (చిల్లు కనబడకుండా పోగులతో పూడ్చడం) మాత్రమే. పేరూ ఫోన్ నంబరూ వేసి రివ్యూ రాస్తానంటే రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. "వద్దు సాబ్. ఉన్న పనే అయితలేదు." అందుకే ఇక్కడ వాటి జాడ ఉండదు. జనరల్ బజార్‌లో నలుగుర్ని అడిగితే చెబుతారు.

టేపు తీస్తాడనుకున్నాను. తీయలేదు. జెన్యా కోటు అందుకుని, కింది గుండీకీ అంచుకీ మధ్య గుడ్డని రెండు వేళ్ళతో పట్టుకుని నలిపాడు, పప్పు ఉడికిందో లేదో చూసినట్టు. తర్వాత నా వేళ్ళు అక్కడ పెట్టించాడు. పై గుడ్డ ఒక వేలికీ, లోపలి అస్తరు ఇంకో వేలికీ తగిలాయి. రెండిటి మధ్య ఇంకో పొర విడిగా జారుతోంది. "లోపల క్యాన్వాస్ పెట్టి దారంతో కుట్టిన్రు. గీ కోటు మీకంటె ఎక్కువ దినాలు ఉంటది" అన్నాడు, నా పొట్ట వంక చూసి.

బూడిదరంగుదాన్ని అలాగే నలిపితే రెండే పొరలు. "ఇది గమ్ము." కోటుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, వెలుగు ఏటవాలుగా పడేలా తిప్పాడు. అప్పటిదాకా నా కంటికి ఆననిది కనిపించింది: రొమ్ము మీద అక్కడక్కడా, పెనం మీద అప్పుడే పోసిన దోసెకి లేచినట్టు చిన్న చిన్న బుడగలు. లోపలి బక్రమ్‌ని (కోటుని బిగువుగా నిలబెట్టే గుడ్డని) దారంతో కుట్టకుండా గమ్ముతో అతికించి ఇస్త్రీ ఒత్తారు. పదిసార్లు డ్రైక్లీనింగుకి వేసేసరికి ఆ గమ్ము ఊడింది. దీనికి మందు లేదట. కొనకముందే ఎవరైనా ఈ రెండువేళ్ళ కిటుకు చెప్పి ఉంటే త్సైల్ వీధిలో 320 యూరోలు మిగిలేవి. సూటు కొనబోయేవాళ్ళు షాపులోనే ఇది చేసి చూడండి. సేల్స్‌మన్ ఏమీ అనుకోడు. అనుకున్నా పర్వాలేదు.

తర్వాత జెన్యాని తిరగేశాడు. అస్తరు కింది అంచు దగ్గర నాలుగు కుట్లు బ్లేడుతో విప్పి, వెన్ను మధ్య కుట్టు పక్కన మడిచి ఉన్న గుడ్డని వేలితో లాగి చూపించాడు. "చూడుండ్రి, మార్జిన్ మస్తు ఇడిసిన్రు." పక్కలా, వెనకా కలిపి రెండంగుళాలు వస్తుంది. నాకు కావలసింది రెండున్నర. "మిగిలిన అర్ధంగుళం మీరు తగ్గాలె." ప్యాంటు నడుం రెండంగుళాలు వదలడానికి 350, కోటుకి 1,200. భుజాలు మాత్రం ముట్టనన్నాడు. భుజం విప్పితే కోటు మళ్ళీ మొదట్నుంచీ కుట్టినట్టేనట.

ప్యాంటు తొడ మీద పురుగు కొట్టిన చిన్న చిల్లు ఒకటి ఉంది, పెసరగింజంత. కలరా ఉండలు వేశాను గానీ డ్రైక్లీనింగ్ వాడిచ్చిన ప్లాస్టిక్ సంచీ తీయకుండా అలాగే ఏళ్ళ తరబడి వేలాడదీశాను. తప్పు నాదే. ఆ చిల్లుని ఆయన నా ముందే రఫూ చేశాడు. ప్యాంటు అడుగు మడతలోంచి అదే గుడ్డ పోగులు సన్నగా ఊడలాగాడు. చిల్లు చుట్టూ పోగుల్ని సూదిమొనతో సర్ది, ముందు నిలువుగా పరిచాడు. తర్వాత అడ్డంగా ఒక పోగు కింద నుంచి, ఒక పోగు మీద నుంచి, మగ్గం నేసినట్టు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి, గదిలో ఫ్యాను ఆపించేశాడు. నలభై నిమిషాలు. అయ్యాక తడిగుడ్డ వేసి ఇస్త్రీ ఒత్తి నా చేతికిచ్చి, "ఏడుండె చెప్పుండ్రి" అన్నాడు. తొడ మీద వేలు పెట్టాను గానీ అది కాదట. మూడొందలు తీసుకున్నాడు. మాయమైన గుండీ కూడా కోటు లోపలి పట్టీ వెనక కుట్టి ఉన్న విడి గుండీతో సర్దేశాడు. ఏడేళ్ళుగా అది అక్కడ ఉందని నాకే తెలియదు.

ఇక షేర్వానీ. పొడవు తగ్గించి బంద్‌గలా (మెడ దాకా మూసుకునే) కోటులా చేయించుకుందామని నా ఆలోచన. ఆయన దాన్ని బల్ల మీద పరిచి, జర్దోజీ పట్టీ అంచు దాకా ఎలా దిగిందో చూపించి, కత్తెర పక్కన పెట్టేశాడు. "కోసుడు రెండు నిమిషాల పని. రెండు దినాలు ఆలోచించి రాండ్రి." డబ్బులొచ్చే పనిని వద్దని పంపేసిన టైలర్‌ని నేను ఇదే చూడటం.

ఆ రెండు రోజుల్లోనే మా చెల్లెలు ఫోన్ చేసింది, శ్రావణంలో మేనల్లుడి పెళ్ళి పనుల గురించి. వాడి భుజం కొలత పదిహేడున్నర, అప్పట్లో నాదీ అంతే. ముందు చెల్లెలు మొహమాటపడింది: "ఒకళ్ళు కట్టి విడిచింది పెళ్ళికొడుక్కి ఎలా అన్నయ్యా?" పీటల మీదికి ఎటూ మధుపర్కాలే కదా, రిసెప్షన్‌కి వేస్తే తప్పేముందని మా ఆవిడ సర్దిచెప్పింది. వాడైతే "మామయ్యా, నెట్‌లో ఇదే డిజైన్ ఇప్పుడు రెండు లక్షలుంది" అని ఎగిరి గంతేశాడు. మాస్టరు పక్కలు లోపలికి పట్టాడు, చంకల దగ్గర పసుపు పట్టిన అస్తరు మార్చాడు, మొత్తం 1,800. కాలరు దగ్గర జరీ నల్లబడింది, నేను సెంటు కొట్టుకున్న చోటే. అది పోదన్నాడు, గోకొద్దన్నాడు. రిసెప్షన్‌లో ఎవరూ పట్టుకోలేదు, మా బావమరిది తప్ప. భోజనాల దగ్గర నా పక్కన కూర్చుని, "బావా, ఇది నా పెళ్ళిలో నువ్వు సాంబారు ఒలకబోసుకున్నదే కదూ?" అన్నాడు. అవును. ఆ మరక ఇప్పుడు లోపలి మడతలో ఉంది.

డ్రైవింగ్ షూస్ డబ్బా తెరిచి చేత్తో పట్టుకోగానే అట్టలు ముక్కలు ముక్కలుగా రాలిపోయాయి. అలాంటి ప్లాస్టిక్ అట్టలు వాడకపోయినా గాలిలో తేమకే పొడైపోతాయట. వాటిని తొడిగింది నాలుగుసార్లు. వెల్వెట్ జాకెట్ మా వాచ్‌మన్ కొడుక్కిచ్చాను. డిగ్రీ చదువుతూ ఈవెంట్లలో యాంకరింగ్ చేస్తాడు, ఏసీ హాళ్ళలో వాడికి పనికొస్తుంది. థాంక్స్ చెప్పి, జాకెట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంకుల్, దీని ప్యాంటు లేదా?" అన్నాడు. స్టీలు సామాన్లామె గుర్తొచ్చింది. టైలు పద్నాలుగూ ఇంకా బీరువా తలుపుకే వేలాడుతున్నాయి.

మాస్టరుకి మార్కులు వేయమంటే పనితనానికి తొమ్మిదిన్నర, మాట నిలబెట్టుకోవడానికి మూడు. పది రోజులన్నాడు, జెన్యా చేతికొచ్చేసరికి ఇరవయ్యారైంది. షేర్వానీ అయితే రిసెప్షన్‌కి ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి, నేను మెట్ల మీద కూర్చుని ఉండగా గుండీలు కుట్టి ఇచ్చాడు. ఆ టెన్షన్‌కి అర్ధంగుళం తగ్గే ఉంటాను. మీ ముహూర్తానికి నెలన్నర ముందే వెళ్ళండి. రశీదు ఉండదు, సిగరెట్ పెట్టె అట్ట మీద నంబరు రాసిస్తాడు, అది పోగొట్టుకోకండి. ఫోన్ ఎత్తడు. శుక్రవారం మధ్యాహ్నం ఉండడు.

బూడిదరంగు కోటు ఆయన దగ్గరే వదిలేశాను. తనే అడిగాడు. బుడగలొచ్చిన కోటుతో ఏం చేస్తారంటే, గోడ మీది తీగకి వేలాడుతున్న బూడిదరంగు సూట్లని చూపించాడు. ఆ రంగు ఉన్ని పోగులు రఫూకి ఎప్పుడూ కావాలట. బిల్లులో రెండొందలు తగ్గించాడు. దాని ప్యాంటు మాత్రం నాకు కావాలి, నడుం వదలమని అక్కడే ఇచ్చొచ్చాను. అట్టముక్క నా పర్సులో ఉంది, నంబరు 47. శనివారం రమ్మన్నాడు. ఏ శనివారమో చెప్పలేదు.